ముక్కు దగ్గర పట్టీలు కూర్చోవడం లేదు, ఓడ వంగిపోయింది: ఎక్కడ తప్పు చేశాను?

గోదారిగట్టు (కాకినాడ)

అందరికీ నమస్కారం. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. చెక్కతో నమూనా ఓడ కట్టడం ఇదే మొదటిసారి. కడుతున్నది బ్లూనోజ్.

మా అమ్మాయి కెనడాలో, హాలిఫాక్స్‌లో ఉంటుంది. పోయినేడు వెళ్లినప్పుడు నన్ను లూనెన్‌బర్గ్ తీసుకెళ్లింది. అసలు బ్లూనోజ్ 1921లో ఆ ఊళ్లోనే నీళ్లలోకి దిగింది. రెండు తెరచాప కొయ్యల ఓడ, సముద్రంలో చేపలు పట్టడానికీ పందేలకూ కట్టారు. 1946లో హైతీ దగ్గర రీఫ్‌కు (నీటి అడుగున ఉండే దిబ్బకు) తగిలి పోయింది. అదే నమూనాలో 1963లో కట్టిన బ్లూనోజ్ 2 ఆ రోజు రేవులో ఉంది. కెనడా వాళ్ల పది సెంట్ల నాణెం మీద ఉండే బొమ్మ అసలు బ్లూనోజ్‌దే. అమ్మాయి, అల్లుడు మ్యూజియం చూసి వచ్చేదాకా నేను రేవులో ఉన్న ఆ ఓడ ముక్కు దగ్గరే నిలబడ్డాను. అంత సన్నటి అంచు నుంచి మొదలై, పొట్ట దగ్గరికి వచ్చేసరికి ఎక్కడా విరుపు లేకుండా వెడల్పయిన ఆ ఒంపు నన్ను కదలనివ్వలేదు. అది చూసి అమ్మాయి కిట్ కొనిపెట్టింది. 1:75 స్కేలు, ఓడ ఒళ్లు ఒక్కటే దాదాపు 58 సెంటీమీటర్లు.

ఇప్పుడు సమస్య. కీల్ (ఓడ అడుగున పొడవునా ఉండే వెన్నెముక), దానికి అడ్డంగా వచ్చే ఫ్రేములు బాగానే కుదిరాయి, డెక్ కూడా అతికించాను. తర్వాత ఓడ ఒంటిని కప్పడానికి 1.5 మి.మీ. మందం, 5 మి.మీ. వెడల్పున్న లైమ్‌వుడ్ పట్టీలు తీసుకుని ఎడమ పక్క మొదలుపెట్టాను. డెక్ అంచు నుంచి కిందికి ఏడు వేశాను. నాలుగో దాని నుంచి ముక్కు దగ్గర ఒక పట్టీ ఇంకోదాని మీదికి ఎక్కుతోంది. గుండుసూది కొట్టి నొక్కితే కూర్చుంటుంది కానీ ఒక అంచు లేచే ఉంటుంది, గోరుతో రాస్తే మెట్టు తగులుతుంది. ఆరో పట్టీ మొదటి ఫ్రేము దగ్గర టప్పుమని విరిగింది. మొన్న రాత్రి ఓడను బోర్లించి దారం లాగి చూస్తే గుండె ఆగినంత పనైంది. ముక్కూ తోకా రెండూ ఎడమకి తిరిగి ఉన్నాయి, మధ్యలో దారానికీ కీల్‌కీ 4 మి.మీ. తేడా!

కిట్‌తో వచ్చిన పుస్తకంలో ఈ పనికి ఒకే ఒక్క బొమ్మ ఉంది. ఇది బాగుపడుతుందా? విరిగిన పట్టీలకు ఇక్కడ లైమ్‌వుడ్ దొరకదు కదా, కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి వాడవచ్చా? వాడింది మామూలు తెల్ల ఫెవికాల్. దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి, రెండు రోజులుగా దాన్ని ముట్టుకోలేదు.

డాల్ఫిన్స్‌నోస్ (విశాఖపట్నం)

మాస్టారూ, టెన్షన్ పడకండి, బాగుపడుతుంది. మామూలు ఫెవికాల్ అన్నారు, అదే మీ అదృష్టం.

వంగడానికి కారణం ఒక పక్కే ఏడు పట్టీలు వేయడం. ఒంచిన పట్టీ మళ్లీ తిన్నగా అవ్వాలని లాగుతూ ఉంటుంది. రెండో పక్క లాగేది ఏమీ లేదు, ఉన్న ఆధారం సన్నటి ప్లైవుడ్ కీల్ ఒక్కటే. ఎడమ ఒకటి వేస్తే కుడి ఒకటి వేయాలి, అదీ అదే పూట.

మెట్లు పడటానికి కారణం వేరు. దీన్ని మీరు నాకంటే బాగా చెప్పగలరు, ఎందుకంటే ఇది పూర్తిగా లెక్క. ఒక పాత పేపరు నుంచి సన్నటి పట్టీ కత్తిరించండి. మధ్య ఫ్రేము మీద డెక్ అంచు నుంచి కీల్ దాకా ఒంపు వెంబడి ఆనించి గుర్తు పెట్టండి. అలాగే ముక్కు దగ్గర మొదటి ఫ్రేము మీద, వెనుక చుక్కాని ముందున్న ఫ్రేము మీద కూడా. మూడు కొలతలూ ఇక్కడ పెట్టండి, మిగతాది అప్పుడు చెప్తాను.

ఇంకో మాట అడగాలి. పట్టీలు వేసే ముందు ఫ్రేముల అంచులు అరగదీశారా? కిట్‌లో ఫ్రేము అంచు నిలువుగా కోసి వస్తుంది. ముక్కు వైపు ఒళ్లు ఏటవాలుగా తిరుగుతుంది కాబట్టి ఆ అంచు కూడా ఏటవాలుగా ఉండాలి. లేకపోతే పట్టీ ఫ్రేము మందమంతా ఆనకుండా ఒక్క పదునైన గీత మీద ఆనుతుంది. మీ ఆరో పట్టీ విరిగింది సరిగ్గా అక్కడే అనుకుంటా.

గోదారిగట్టు

అరగదీయలేదండీ. ఆ సంగతే తెలియదు.

కొలతలు: మధ్యలో 105, ముక్కు దగ్గర 70, వెనుక 112. అన్నీ మి.మీ.లో. పేపరు పట్టీ పెట్టి కొలుస్తుండగానే నాకు తట్టింది. 105ని 5తో భాగిస్తే 21 పట్టీలు. ఆ 21 పట్టీలూ ముక్కు దగ్గర 70లోనే ఇమడాలి. అంటే ఒక్కోటి 3.33 ఉండాలి. నేను 5 వెడల్పుతోనే తీసుకెళ్లి అక్కడ కుక్కాను! ఇన్నేళ్లు పిల్లలకు నిష్పత్తి చెప్పాను, చేతిలో చెక్క ఉంటే గుర్తు రాలేదు.

వెనుక 112ని 21తో భాగిస్తే 5.33. పట్టీని సన్నం చేయగలను కానీ వెడల్పు చేయలేను కదా. అక్కడ ఏం చేస్తారు?

డాల్ఫిన్స్‌నోస్

అంతే మాస్టారూ. వెనుక 7 మి.మీ. ఖాళీ మిగులుతుంది, అక్కడ పొడవాటి త్రికోణం ముక్కలు దూరుస్తాం. నిజం ఓడల్లోనూ అలాంటి పలకలు ఉంటాయి.

ముక్కు వైపు సన్నం చేయడం ఇలా. ఒకేలాంటి రెండు పట్టీలు, ఎడమకి ఒకటి కుడికి ఒకటి, కలిపి పట్టండి. మధ్య ఫ్రేము దగ్గర 5, ముక్కు కొసన 3.3 గుర్తుపెట్టి పెన్సిలు గీత గీయండి. ఒక అంచే తీయాలి, రెండో అంచు ముట్టుకోవద్దు. కత్తితో ఒక్కసారిగా కోయకండి, పోగు వెంట చీలిపోతుంది. చిన్న చిత్రిక ఉంటే దానితో, లేదంటే చెక్క ముక్కకు ఉప్పు కాగితం అతికించి నెమ్మదిగా రుద్దండి. రెండూ కలిపి రుద్దుతారు కాబట్టి రెండు పక్కలా ఒకే కొలత వస్తుంది. సగం కంటే, అంటే 2.5 కంటే సన్నం చేయవద్దు, గుండుసూదికే చీలుతుంది. మీ 3.3కి భయం లేదు.

తర్వాత వేడినీళ్లలో ఇరవై నిమిషాలు నానబెట్టి, స్టీలు చెంబు చుట్టూ ఒంచి రబ్బరు బ్యాండ్లు వేసి రాత్రంతా వదిలేయండి. తడిమీద అతికించవద్దు. మన కోస్తా గాలికి ఆరడం ఆలస్యం, ఆరాక ముడుచుకుని సందులు పడతాయి.

ఉన్నవి ఊడదీయడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మెడికల్ షాపులో తెచ్చుకోండి. బ్రష్‌తో అతుకు మీద పూసి పది నిమిషాలు ఆగి, మళ్లీ పూసి, సన్నటి కత్తి మొన ఫ్రేముకీ పట్టీకీ మధ్య దూర్చండి. ఫెవికాల్ జిగురు మెత్తటి రబ్బరులా లేచి వస్తుంది. కిటికీలు తీసి ఉంచండి, పొయ్యి దగ్గర మాత్రం వద్దు.

రెండోతెరచాప (హైదరాబాద్)

మాస్టారు గారూ, మీరు కాకినాడ, నేను పుట్టింది తాళ్లరేవు. ఈ థ్రెడ్ చూసి రాయకుండా ఉండలేకపోయాను.

మా నాన్న, మేనమామ ఇద్దరూ ఓడల వడ్రంగం చేసినవాళ్లే. పక్కనే కోరంగి. 1789లో, 1839లో వచ్చిన ఉప్పెనలకు ఆ రేవు తుడిచిపెట్టుకుపోయిందని అందరూ చదివే ఉంటారు. రేవు పోయినా ఆ చుట్టుపక్కల చెక్క ఓడలు కట్టే పని మాత్రం మా చిన్నతనం దాకా ఉంది. బడి వదలగానే సంచీతో సహా అక్కడికే పోయేవాణ్ని.

పలకను ఒంచడం నాకు బాగా గుర్తు. కింద సన్నగా సెగ, పలక మీద తడి గోనె. ఒక కొస కట్టేసి, రెండో కొసకు తాడు వేసి, ఆ తాట్లో కర్ర దూర్చి మెలితిప్పేవారు. ఒక మెలిక తిప్పి మామయ్య బీడీ ముట్టించేవాడు. అది అయ్యాక ఇంకో మెలిక. తొందరపడి రెండు మెలికలు ఒకేసారి తిప్పిన కుర్రాడిని పని దగ్గర నుంచి పంపేయడం చూశాను, పలక ఖరీదు అలాంటిది. ఇక తిన్నటి పలక ఓడకు ఎక్కడం నేను ఎప్పుడూ చూడలేదు. సన్నటి వెదురు బద్దను పక్క పలక అంచుకు ఆనించి, ఆ ఒంపును కొత్త పలక మీదికి దించి, చిత్రిక పట్టి, ఎత్తి చూసి, మళ్లీ దించి చిత్రిక పట్టేవారు. ఇరవై అడుగుల పలకకు ఒక పూట అంచు పనే.

మీ పేపరు పట్టీ, మా వాళ్ల వెదురు బద్ద రెండూ ఒకే పని చేస్తున్నాయి. అందుకే చెప్తున్నాను, రోజుకు ఒక్క జత వేయండి చాలు. 21 జతలు, మూడు వారాలు.

అంకుడుపుల్ల (ఎలమంచిలి)

చెక్క గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. మాకు ఏటికొప్పాక దగ్గరే, లేత్ మీద బొమ్మలు తిప్పేవాళ్లతో పరిచయం ఉంది.

తెల్ల పొణికి పట్టీలకు పనికిరాదు సార్. చాలా తేలిక, చాలా మెత్తన. బొటనవేలి గోరు నొక్కితే గుంట పడుతుంది, 1.5 మందానికి కోస్తే ఒంచేలోపే నలుగుతుంది. కొండపల్లి వాళ్లు దాన్ని ముక్కలుగా చెక్కి, అతికించి, రంపపు పొట్టు, చింతపిక్కల జిగురు కలిపిన ముద్దతో అతుకులు పూడ్చి, పైన రంగు వేస్తారు. ఆ పనికి అంత మెత్తని చెక్కే కావాలి.

కానీ మీ ఓడలో దానికి సరైన చోటు ఒకటి ఉంది. ముక్కు దగ్గర మొదటి రెండు ఫ్రేముల మధ్య ఖాళీని మెత్తటి చెక్క దిమ్మతో నింపండి. విదేశాల్లో బాల్సా వాడతారు, మనకు పొణికి ఉంది. దిమ్మ అతికించి ఓడ ఒంపు ప్రకారం చెక్కితే పట్టీకి అడుగడుగునా ఆసరా ఉంటుంది. ఫ్రేము అంచు దగ్గర విరగడం ఆగిపోతుంది. కీల్‌కి రెండు వైపులా దిమ్మలు పడితే ముక్కు కూడా బిగుసుకుంటుంది.

విరిగిన పట్టీల కోసం కొత్త చెక్క వెతకకండి. రెండు ముక్కల్ని ఏదైనా ఫ్రేము మీద కలపండి. పక్క పట్టీ అతుకు, ఈ అతుకు ఒకే ఫ్రేము మీద పడకుండా చూసుకుంటే చాలు. పైన ఎలాగూ పట్టీల రెండో పొర వస్తుంది.

తర్వాత తాళ్ల పనిలో చిన్న గుండ్రటి కప్పీలు పోయినా, విరిగినా చెప్పండి. అంకుడు కర్ర వాటికి చాలా బాగుంటుంది, సన్నటి పోగు, లేత్ మీద అంచు చెదరదు.

గోదారిగట్టు

తొమ్మిది రోజుల తర్వాత రాస్తున్నాను.

ఏడు పట్టీలూ ఊడాయి. మొదటి నాలుగు చెక్కుచెదరకుండా వచ్చాయి, మిగిలినవి ముక్కలయ్యాయి, దాచాను. పట్టీలు తీయగానే కీల్ సగం దానంతట అదే వెనక్కి వచ్చింది. మిగతా వంపుకు తడిగుడ్డ చుట్టి, వంటింటి గ్రానైట్ గట్టు మీద రెండు ఇనుప యాంగిల్ ముక్కల మధ్య బిగించి రెండు రాత్రులు ఉంచాను. మా ఆవిడ ఆ రెండు రోజులూ గట్టు చివరన సర్దుకుని వంట చేసింది. ఇప్పుడు దారం పట్టి చూస్తే తేడా 1 మి.మీ. లోపే.

పొణికి ముక్క విజయవాడలో తెలిసినవాళ్ల ద్వారా తెప్పించాను. చేతిలో పెట్టుకుంటే బరువే తెలియలేదు. ఉలి ఆనిస్తే వెన్నలా దిగింది. ఫ్రేములన్నీ ఏటవాలుగా అరగదీశాను. దానికే నాలుగు రోజులు పట్టింది. ఒక పట్టీ ఆనించి చూడటం, వెలుతురు కనిపించిన చోట రుద్దడం, మళ్లీ ఆనించడం.

మొన్న ఉదయం మొదటి జత వేశాను. ముక్కు కొసన పట్టీని వేలితో నొక్కి పట్టుకుని వెనక్కి జారుస్తూ వెళ్లాను. గుండుసూది అవసరమే రాలేదు, బట్టల క్లిప్పులతో సరిపోయింది. గోరుతో రాస్తే ఎక్కడా తగల్లేదు. మా అమ్మాయికి వీడియో కాల్‌లో చూపించాను. ముక్కు దగ్గర ఆపి ఇంకోసారి చూపించమంది.

ఇప్పుడు మూడో జత ఆరుతోంది. వెనుక ఆ త్రికోణం ముక్కలు ఎన్నో పట్టీ పక్కన వేయాలి?

డాల్ఫిన్స్‌నోస్

ముందుగా నిర్ణయించకండి మాస్టారూ. ముక్కు వైపు లెక్క ప్రకారం వెళ్లండి, వెనుక మాత్రం పట్టీని లాగి కిందికి తేవద్దు, దాని దారిన దాన్ని పడుకోనివ్వండి. పైనుంచి ఒక పన్నెండు జతలు వేశాక, కీల్ పక్క నుంచి పైకి రెండు జతలు వేయండి. అప్పుడు ఖాళీ ఎక్కడ తెరుచుకుందో కనిపిస్తుంది. దాని మీద పేపరు పెట్టి పెన్సిలుతో రుద్దితే త్రికోణం ఆకారం దానంతట అదే వస్తుంది. పన్నెండో జత అయ్యాక వెనుక నుంచి ఒక ఫొటో పెట్టండి.