నాన్నకు బటన్ల ఫోనా, టచ్ ఫోనా? ఇంట్లో తేలడం లేదు

ఉలవపాడు ఆడపడుచు:
మా నాన్నగారికి 68 ఏళ్లు. ఉలవపాడు దగ్గర పల్లెలో అమ్మా ఆయనా ఉంటారు, కొంచెం సపోటా, మామిడి తోట ఉంది. ఆయన పాత బటన్ల ఫోనుకు కొన్నాళ్లుగా సిగ్నల్ అందడం లేదు. బ్యాటరీ తీసి తుడిచి పెట్టినా ఫలితం లేదు, పాడైపోయినట్టుంది. ఇప్పుడు ఏది కొనాలన్నది తగువు. పదిహేను వేలలో మంచి టచ్ ఫోను కొని పంపుతానని అన్నయ్య పట్టుబట్టాడు. రెండు వేలలో మళ్లీ బటన్ల ఫోనే చాలని నేను. ఆయనకు ఫోనుతో పని మాట్లాడటం, బోరు మోటారు వేయడం, బ్యాంకు మెసేజీ వస్తే పక్కింటి పిల్లవాడితో చదివించుకోవడం, అంతే. అన్నయ్య మాట వేరు. ప్రభుత్వమే వాట్సాప్‌లోకి వచ్చేసింది, ఇంకా ఎన్నాళ్లు ఆ డబ్బా అంటాడు. మీ ఇళ్లలో ఏం చేశారు?

కందుకూరు టీచరు:
మీ అన్నయ్య వైపే నా ఓటు. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వ వాట్సాప్ సేవ మన మిత్ర మొదలైంది. మొదటి విడతలోనే 161 సేవలు వాట్సాప్‌లో పెట్టారు. ధ్రువపత్రాలు, బిల్లులు, దేవస్థానం టిక్కెట్లు అన్నీ అందులోనే. పీఎం కిసాన్ ఈ-కేవైసీకి, అంటే లబ్ధిదారు గుర్తింపు నిర్ధారణకు కూడా ఇప్పుడు ఫోనులో ముఖం చూపిస్తే సరిపోతుంది. ఇవన్నీ కాదన్నా సరే, మీరు రాసిన ఒక మాట దగ్గర నాకు మనసు ఆగిపోయింది: బ్యాంకు మెసేజీ పక్కింటి పిల్లవాడు చదవాలి. అంటే ఆయన ఖాతాలో ఎంత పడిందో, ఎంత తీశారో ఆయనకన్నా ముందు పక్కింటికి తెలుస్తోంది. టచ్ ఫోను అయితే మెసేజీని తెలుగులో పైకి చదివి వినిపిస్తుంది. మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే అదే రాసుకుంటుంది. చదువు రాని వారికీ చూపు మందగించిన వారికీ టచ్ ఫోనే సులువు. మనం దీన్ని తలకిందులుగా అనుకుంటున్నాం.

ఇందుకూరుపేట చెరువులు:
టీచరు గారూ, మీరు చెప్పింది ఇంట్లో కుర్చీలో కూర్చున్న మనిషికి సరే. గట్టు మీద ఉన్నవాడి సంగతి వినండి.

నావి వనామీ రొయ్యల చెరువులు. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ బాగా తగ్గిపోతుంది. ఆ వేళ కరెంటు పోయి, నీటిలో గాలి కలిపే ఏరేటర్లు ఆగాయంటే రొయ్య పైకి తేలి నోరు తెరుస్తుంది. ఆలస్యం చేస్తే పంట మొత్తం పోతుంది. అందుకే స్టార్టర్ పెట్టెలో సిమ్ము వేసి పెట్టుకున్నాం. త్రీఫేజు పోతే అది నాకే ఫోను చేస్తుంది. కరెంటు అందాక నేను తిరిగి ఫోను చేసి ఒకటి నొక్కితే మోటారు నడుస్తుంది. దానికి ఇంటర్నెట్టు అక్కర్లేదు, యాప్ అక్కర్లేదు. కావలసింది నిద్ర లేపేంత గట్టి గంట, చీకట్లో వేలికి తగిలే అంకె. ఐదు మీద చిన్న బొడిపె ఉంటుంది చూశారా, దాన్ని తడిమి మిగతా అంకెలు నొక్కేస్తాను. మేత కలిపిన చేత్తో, ఉప్పునీరు కారే చేత్తో టచ్ ఫోను తీసి చూడండి, ఒకటి నొక్కితే ఇంకొకటి తెరుచుకుంటుంది.

2021 నవంబరులో పెన్నా వరద వచ్చి కోవూరు దగ్గర హైవే తెగిపోయింది కదా. మా వైపు కరెంటు లేదు. టచ్ ఫోన్లన్నీ ముందు చల్లబడ్డాయి. వీధి మొత్తం మీద మోగుతూ ఉన్నది మా అమ్మ చేతిలోని బటన్ల ఫోను. చుట్టుపక్కల వాళ్లంతా సిమ్ములు మార్చుకుని దాంట్లోంచే బంధువులకు క్షేమం చెప్పుకున్నారు.

బెంగళూరులో ఒంగోలువాడు:
వరద ఎప్పుడో ఒకసారి వస్తుంది అన్నా. మోకాళ్ల నొప్పులు రోజూ వస్తాయి. మా అమ్మ మందుల అట్ట కెమెరా ముందు పెడితే ఏది అయిపోయిందో ఇక్కడి నుంచే చూసి చెబుతాను. కాలు వాచిందంటే చూపించమంటాను, ఆ వీడియోనే డాక్టరు గారికి పంపుతాను. ఇది బటన్ల ఫోనులో ఎలా అవుతుంది?

టంగుటూరు పొగాకు:
అవదు. ఒప్పుకుంటాను. కానీ మీరంతా ఒకటి దాటేస్తున్నారు. వీడియో కాల్ ఎవరికి కావాలి? మందుల అట్ట ఎవరు చూడాలి? మన్నించండి, ఊరు వదిలి వెళ్లినవాడు ఇల్లు కనబడాలని కొనే ఫోను అది. ఆ కోరిక తప్పు కాదు, కాకపోతే అది నాన్న కోసం అని చెప్పుకోవద్దు.

మా పొగాకు వేలం కేంద్రంలో ఆ రోజు సగటు ధర ఎంత పలికిందో, కందుకూరులో ఎంతో, కొండపిలో ఎంతో అన్నీ వాట్సాప్ గ్రూపులో వస్తాయి. వీధికి ఒక్కడి దగ్గర ఆ ఫోను ఉంటే చాలు, అరుగు మీద అందరికీ తెలుస్తుంది. ప్రభుత్వ పనులూ అంతే. ఈ-కేవైసీ రైతు సేవా కేంద్రంలో వేలిముద్రతో అవుతుంది, ఓటీపీతోనూ అవుతుంది, ఓటీపీ బటన్ల ఫోనుకూ వస్తుంది. ఉపాధి హామీలో 2023 నుంచి పనిచోట రోజుకు రెండుసార్లు ఫొటో హాజరు పెట్టారు కదా, ఆ యాప్ ఉన్నది కూలీల పని చూసే మేటు ఫోనులో. గడ్డపార పట్టినవాడికి ఏ ఫోనూ అడగలేదు.

ఇక దొంగల మాట. మా పల్లెలో ఒకాయనకు పీఎం కిసాన్ పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైలు, అంటే నొక్కితే యాప్ ఎక్కించేది, వచ్చింది. నొక్కాడు. అది ఫోనులో కూర్చుని మెసేజీలు చదువుకుని ఓటీపీలు అవతలికి పంపేసింది. పొగాకు డబ్బు పోయింది. బటన్ల ఫోనులో ఆ ఫైలు తెరుచుకోనే తెరుచుకోదు.

కందుకూరు టీచరు:
ఫైలు తెరుచుకోదు, మాట మాత్రం వినబడుతుంది కదండీ! ఫోను చేసి, మీ కార్డు ఆగిపోయింది, వచ్చిన అంకెలు చెప్పండి అని దోచినదంతా బటన్ల ఫోన్ల కాలం నాటిదే. మోసపోగానే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయాలని నేర్పితే రెండు ఫోన్లకూ పనికొస్తుంది. వీధికి ఒక్కడంటున్నారు, ఆ ఒక్కడు మీరైతే బాగానే ఉంటుంది. అడిగి చెప్పించుకునే వారి వైపు నుంచి ఆలోచించండి. ప్రతి చిన్న పనికీ ఒక కుర్రవాడి తీరిక కోసం అరుగు మీద కూర్చోవాలి. మా బడిలో తల్లులే చెబుతారు, టచ్ ఫోను భర్త దగ్గర, బటన్లది తమ దగ్గర అని. బడి గ్రూపులో వచ్చిన సమాచారం సాయంత్రం ఆయన ఇంటికొచ్చాక గానీ వారికి చేరదు. ఎవరికి ఏ ఫోనన్నది ఇళ్లలో అవసరాన్ని బట్టి తేలడం లేదు, హోదాను బట్టి తేలుతోంది.

టంగుటూరు పొగాకు:
ఈ చివరి మాటకు నా దగ్గర జవాబు లేదు మేడం. మా ఇంట్లోనూ అంతే.

కొత్తపట్నం తీరం:
రైతన్నలే మాట్లాడుతున్నారు. మేము సముద్రం మీద పోయేవాళ్లం. ఒడ్డు దాటి కొంత దూరం పోయాక ఏ ఫోనుకూ సిగ్నల్ ఉండదు. అప్పుడు బటన్ల ఫోను టార్చిలైటు, అంతే. టచ్ ఫోనులో జీపీఎస్ మాత్రం పనిచేస్తుంది, దానికి టవరుతో సంబంధం లేదు, ఉపగ్రహాల నుంచే తీసుకుంటుంది. మ్యాపు ముందే దించుకుని పెట్టుకుంటాం. వల వేసిన చోటు గుర్తు పెట్టుకోవడానికీ తిరుగుదారికీ అదే ఆధారం. హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ వారు చేపలు ఎక్కడ దొరకవచ్చో ప్రాంతాలు చెబుతారు, ఆ అక్షాంశ రేఖాంశాలు చేతిలోని మ్యాపులో చూసుకుంటే ఎంత తేలికో చూడండి. పాలిథిన్ సంచిలో చుట్టి మెడకు కట్టుకుంటాం. సంచిలోంచి కూడా వేలు పనిచేస్తుంది. బటన్ల ఫోనే గట్టిది, మాది శ్రమ బతుకు, మాకు అదే చాలు అనే మాట అందరి తరఫునా అనవద్దు.

ఇందుకూరుపేట చెరువులు:
బాగా చెప్పావు అన్నా. సముద్రం సంగతి నాకు తట్టలేదు.

ఒంగోలు ఫోన్ల దుకాణం:
అందరూ ఏది కొనాలని కొట్టుకుంటున్నారు. ముందు ఉన్నది నిజంగా పాడైందా? ఆడపడుచు గారూ, ఈమధ్య నాన్నగారి సిమ్ము వేరే కంపెనీకి మార్పించారా?

అడగడానికి కారణం ఉంది. పాత బటన్ల ఫోన్లు చాలావరకు 2జీవి. జియోకు మొదటి నుంచీ 2జీ లేదు, ఉన్నదంతా 4జీ, 5జీ. ఆ సిమ్ము పాత ఫోనులో వేస్తే జన్మలో సిగ్నల్ రాదు. బోరు మోటారు స్టార్టర్లలో కూడా చాలావాటిలో ఉన్నది 2జీ మోడెమే. ఆఫరు బాగుందని పిల్లలు నంబరు మార్పిస్తారు, పెద్దాయన ఫోను చచ్చిపోయిందని మా దుకాణానికి తెస్తారు. సిమ్ము తీసి ఇంకో కంపెనీది వేసి చూపిస్తే మోగుతుంది. అలాంటి ఫోన్లు ఎన్ని వెనక్కి పంపానో.

ఉలవపాడు ఆడపడుచు:
మీరు అడిగాక అన్నయ్యకు ఫోను చేశాను. అవునట. అందరికీ కలిపి ఒకే కంపెనీ అయితే రీఛార్జి తేలిక అని సంక్రాంతికి వచ్చినప్పుడు నాన్న నంబరు జియోకు మార్పించాడట. మాకెవరికీ చెప్పలేదు. నాన్నకు చెప్పాడట గానీ ఆయనకు ఏం అర్థమైందో తెలియదు. వెనక్కి మార్పించేస్తే పాత ఫోనే పనిచేస్తుందా?

ఒంగోలు ఫోన్ల దుకాణం:
పనిచేస్తుంది, కానీ వెంటనే కుదరదు. ఒకసారి మారాక 90 రోజులు అదే కంపెనీలో ఉండాలి. అదే నంబరు బ్యాంకుకూ ఆధార్‌కూ ఇచ్చి ఉంటే కొత్త నంబరు సిమ్ము తీసుకోవడం ఇంకో తలనొప్పి. 4జీ బటన్ల ఫోను తీసుకుంటే ఆ సిమ్ముతోనే నడుస్తుంది. కొనేటప్పుడు వోల్టీ, అంటే 4జీ మీదే మాట్లాడే సదుపాయం, ఉందో లేదో అడగండి, లేకపోతే జియోలో మాట్లాడలేరు. నొక్కిన అంకెను తెలుగులో పలికేది అడిగి చూడండి. వాట్సాప్ వస్తుందని ఎవరైనా కైఓఎస్ అనే సాఫ్ట్‌వేర్ ఉన్న పాత బటన్ల ఫోను అంటగడితే తీసుకోవద్దు. 2018లో వాటికి వాట్సాప్ వచ్చిన మాట నిజమే, ఇప్పుడు తీసేశారు.

ఇంటర్నెట్టు లేని రీఛార్జి కూడా ఉంది. 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశం ఇచ్చింది, మాటలకూ మెసేజీలకూ మాత్రమే ప్యాకులు పెట్టాలని, గడువు 365 రోజుల దాకా ఇవ్వవచ్చని. దుకాణాల్లో వాటి పేరు ఎత్తరు, మీరే అడగాలి. నేను దుకాణంవాడినే, చెబుతున్నాను కదా.

డబ్బు పంపాలంటే బటన్ల ఫోనులోనూ యూపీఐ ఉంది. 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు 123పే తెచ్చింది, ఫోను చేసి గొంతు చెప్పినట్టు అంకెలు నొక్కితే సరి. మా దగ్గరికి వచ్చే వారిలో దాని పేరు విన్నవారు అరుదు.

ఇంకొకటి. ఐదో అంకె గానీ తొమ్మిది గానీ నొక్కి పట్టుకుంటే అత్యవసర నంబరు 112కు పోవాలని 2017 నుంచి అమ్మే బటన్ల ఫోన్లకు నిబంధన. ఇంట్లో ఇద్దరే ఉన్నారంటున్నారు కాబట్టి అమ్మగారికి కూడా చూపించండి.

బెంగళూరులో ఒంగోలువాడు:
అయితే రెండూ కొనండి. బటన్లది జేబులో, టచ్ ఫోను ఇంట్లో.

కందుకూరు టీచరు:
రెండు రీఛార్జీలు ఎవరు కడతారు? మీరు బెంగళూరు నుంచి కడతారు, వాళ్లు దండగని ఒకటి ఆపేస్తారు. ఏది ఆపేస్తారో మీకూ తెలుసు. టచ్ ఫోను కొంటే ఇచ్చేసి వెళ్లిపోవద్దు. పండగకు వచ్చినప్పుడు పక్కన కూర్చుని, అక్షరాలు పెద్దవి చేసి, అనవసరమైనవన్నీ తీసేసి, మెసేజీ వినడం ఒక్కటి నేర్పి వెళ్లండి. అది చేయని వారు మాత్రం రెండు వేల ఫోనే కొనండి.

టంగుటూరు పొగాకు:
ఇంతమందిమి ఇంత రాశాం. నాన్నగారిని ఎవరైనా అడిగారా?

ఉలవపాడు ఆడపడుచు:
పక్కింటి పిల్లవాడి ఫోనుకు చేసి ఇప్పుడే అడిగాను. మోటారు వేయడానికి ఇన్నాళ్లూ రోజూ తోట దాకా నడుస్తున్నారట. ఆ మాట కూడా ఈరోజే చెప్పారు. ఫోను ఏదైనా ఫరవాలేదన్నారు, టార్చి మాత్రం నెత్తిన ఉండాలట, పక్కన ఉంటే పాము కనపడదట. అమ్మ మాత్రం ఫోను లాక్కుని, మనవరాలిని చూసేదే కావాలంది. ఇంతవరకు అమ్మకు ఫోను లేదు. ఆ సంగతి నేను మొదట రాసినప్పుడు కూడా నాకు తోచలేదు. నాన్నకు 4జీ బటన్లది నేను కొంటున్నాను. అన్నయ్య పదిహేను వేలు అమ్మ పేరున ఖర్చు పెడతాడు. టీచరు గారూ, మెసేజీ వినిపించడం ఎక్కడ నొక్కాలో కొంచెం వివరంగా రాస్తారా?