అప్‌డేట్: బ్లో-ఆఫ్ వాల్వ్ తీయించేశాను

టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) ఉన్న పెట్రోల్ కారుకు, యాక్సిలరేటర్ వదిలినప్పుడు మిగిలిన ఆ గాలిని 'ఫుస్స్'మని బయటికి వదిలే బ్లో-ఆఫ్ వాల్వ్ బయట కొని బిగించుకోవచ్చా, పోలీసులు ఆపితే ఏమవుతుంది అని మూడు వారాల కిందట అడిగాను కదా. అప్పటికే బిగించేశానని మాత్రం చెప్పలేదు, సారీ!

"ఏం కాదన్నా, ఆర్సీలో వాల్వ్ గురించి ఉండదు" అన్నాడు షాపతను. అది నిజమే. మోటారు వాహనాల చట్టంలోనూ దాని పేరు లేదు. కానీ 52వ సెక్షన్ ఆర్సీలోని వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చొద్దంటుంది. 2019 సవరణలో వచ్చిన 182ఎ(4) ఇంకా సూటిగా ఉంది: అనుమతి లేని విడిభాగం బిగిస్తే ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. శబ్దం, పొగ కేసు 190(2) కింద వేరు. అక్కడ 10,000 దాకా పోవచ్చు, లైసెన్స్ మూడు నెలలు ఆగుతుంది. ఒక్క 'ఫుస్స్' కోసం ఇంత టెన్షనా?

అసలు దెబ్బ వేరేచోట తగిలింది. నా కారులో గాలిని కొలిచే మాఫ్ సెన్సర్ ఉంది. అది లెక్కేసిన గాలిని ఈ వాల్వ్ బయటికి వదిలేస్తుంటే, ఇంజిన్ మాత్రం ఆ లెక్కకే పెట్రోలు పోస్తోంది. గేరు మార్చినప్పుడల్లా కుదుపు, వెనక నల్లపొగ. కంపెనీ వాల్వ్ అయితే అదే గాలిని మళ్లీ టర్బో ముందుకే పంపిస్తుంది.

నిన్న పాతదే వేయించాను. కుదుపు పోయింది. కొత్తది అటక మీద ఉంది, మా ఆవిడకు ధర చెప్పలేదు.