కాంప్లెక్స్ మీటింగ్‌లో సైన్స్ సెషన్: టీచర్లతో ప్రయోగాలు చేయించడం ఎలా?

కొండదారి:
వచ్చే నెల మా స్కూల్ కాంప్లెక్స్ మీటింగ్‌లో (చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసేది) పరిసరాల విజ్ఞానం సెషన్ నాకు అప్పజెప్పారు. వచ్చేదంతా ఎస్జీటీలు (ప్రైమరీ టీచర్లు), ఎక్కువమంది ఇంటర్‌లో ఆర్ట్స్ చదివినవాళ్లు, సైన్స్ అంటే కాస్త బెరుకు. ఇప్పటిదాకా పీపీటీ చూపించడం, ఫొటో దిగి గ్రూపులో పెట్టడం, అంతే. ఈసారి కరెంటు, గాలి మీద వాళ్ల చేతులతోనే చేయించాలని ఉంది. ఉన్నది రెండు గంటలు, డబ్బులు ఎవరూ ఇవ్వరు. ఎక్కడ మొదలుపెట్టాలి?

తీగముక్క:
ముందు మీరేమీ చెప్పకండి మాస్టారూ. ఇద్దరికో 1.5 వోల్టుల సెల్లు, ఒక టార్చి బల్బు, ఒకే ఒక్క తీగ ముక్క ఇచ్చి వెలిగించమనండి. హోల్డర్ మాత్రం ఇవ్వొద్దు, ఇస్తే వాళ్లు ఆలోచించడానికి ఏమీ మిగలదు. వలయం పూర్తి కావాలని అందరూ చెప్తారు కానీ బల్బుని ఎక్కడ తాకించాలో (ఒకటి అడుగున ఉన్న చుక్క, రెండోది పక్కనున్న లోహపు తొడుగు) చాలామంది ఎప్పుడూ చూసి ఉండరు. కొందరు తీగని సెల్లు రెండు కొసలకీ నేరుగా తగిలిస్తారు, వేడెక్కుతుంది, వెంటనే తీసేయమని చెప్పి ఎందుకో అడగండి.

పాతబల్ల:
గాలి అనగానే అందరూ చేసేది కొవ్వొత్తి మీద గ్లాసు బోర్లించడం, పళ్లెంలో నీళ్లు లోపలికి ఎక్కగానే 'ఆక్సిజన్ ఖర్చయిపోయింది, దాని చోట్లోకి నీళ్లొచ్చాయి' అనేయడం. అది తప్పండీ, ఇప్పటికీ చెప్పేస్తున్నారు. అదే గ్లాసు కింద మూడు కొవ్వొత్తులు పెట్టించండి, నీళ్లు ఇంకా పైకి వస్తాయి. గ్లాసులో ఆక్సిజన్ పెరగలేదు కదా, మరి? మంట వేడికి వ్యాకోచించిన గాలి కొంత అంచు కింద నుంచి బుడగలుగా బయటికి పోతుంది, మంట ఆరాక మిగిలింది చల్లబడి లోపల ఒత్తిడి తగ్గుతుంది, అప్పుడు బయటి గాలి నీళ్లని లోపలికి నెడుతుంది. నీళ్లు జోరుగా ఎక్కేది మంట ఆరాకే, అది వాళ్లంతట వాళ్లే గమనించాలి. వాదించుకోనివ్వండి, అరగంట పోయినా పర్లేదు.

నర్మద_తీరం:
హోషంగాబాద్ సైన్స్ కార్యక్రమం గురించి చదవండి. 1972లో మధ్యప్రదేశ్‌లో 16 బడుల్లో మొదలై, జిల్లా అంతా పాకి, 2002లో ప్రభుత్వం ఆపేసేదాకా నడిచింది. అది 6 నుంచి 8 తరగతులకే అనుకోండి, కానీ ట్రైనింగ్ పద్ధతి మనకీ పనికొస్తుంది: వేసవిలో టీచర్లు పిల్లల స్థానంలో కూర్చుని పిల్లల ప్రయోగాలు చేసేవారు, తర్వాత నెలనెలా కలిసి తరగతిలో ఏది కుదరలేదో మాట్లాడుకునేవారు. పిల్లల పరీక్ష కూడా పుస్తకం దగ్గర పెట్టుకుని రాసేదే, ప్రయోగం కూడా చేయాలి. మన దగ్గర ఒక్కరోజు సెషన్ పెట్టి మళ్లీ ఆ ఊసే ఎత్తరు, నాకు కోపం అక్కడే.

ఒంటరిటీచర్:
చదవడానికి బాగానే ఉంది సార్, ఐదు తరగతులకీ నేనొక్కదాన్నే. ఒకటి రెండు తరగతుల పిల్లలు పక్కనే ఉండగా కొవ్వొత్తులు వెలిగించమంటారా?

పాతబల్ల:
వద్దమ్మా, మంట టీచర్ల సెషన్ వరకే. మీ బడిలో గ్లాసు అడుగున పొడి కాగితం ఇరికించి బకెట్ నీళ్లలో నిటారుగా బోర్లించి ముంచితే చాలు, కాగితం తడవదు. తర్వాత గ్లాసు పక్కకి వంచి బుడగలు రానివ్వండి, గాలి ఉందని పిల్లలే చెప్తారు.

కొండదారి:
అందరికీ థాంక్స్. టార్చి బల్బులు మా దగ్గర దొరకట్లేదు, ఎల్ఈడీ సరిపోతుందా?

తీగముక్క:
తెల్ల ఎల్ఈడీ అయితే ఒక సెల్లుతో వెలగదు, రెండు వరసగా పెట్టాలి, పొడుగు కాలు ప్లస్ వైపు. కానీ దాంట్లో నేను చెప్పిన తొడుగు సంగతి రాదు కాబట్టి సైకిల్ షాపుల్లో, పాత ఎలక్ట్రికల్ కొట్లలో ఓసారి అడిగి చూడండి. ఏది దొరికినా ప్రతి బల్బూ ఇంటి దగ్గరే వెలిగించి చూసుకుని తీసుకెళ్లండి, మాడిపోయిన బల్బు ఇచ్చారంటే ఆ జంట సెషనంతా దాంతోనే కుస్తీ పడుతుంది.