ఆత్మను మోసే సూక్ష్మదేహం: ప్లేటో చెప్పినదా, తర్వాతివారు కూర్చినదా?

జిజ్ఞాసువు:
ఆత్మకూ స్థూలదేహానికీ నడుమ తేజోమయమైన మరొక దేహం ఉంటుందనీ, ఆత్మ దానినే వాహనంగా చేసుకొని లోకాల మధ్య తిరుగుతుందనీ చెప్పే సిద్ధాంతాన్ని చాలామంది గ్రీకు తత్వవేత్త ప్లేటోకే ఆపాదిస్తున్నారు. నాకు ఇది సమంజసంగా తోచడం లేదు. ఆయన రాసిన ‘తిమేయస్’ అనే సంభాషణలో సృష్టికర్త ఒక్కొక్క ఆత్మను ఒక్కొక్క నక్షత్రం మీద, రథం ఎక్కించినట్లు ఎక్కించి విశ్వస్వభావాన్ని చూపుతాడు. అదే గ్రంథంలో మరికొంత దూరం పోయాక ఆత్మకు వాహనం ఈ మానవదేహమే అంటాడు ప్లేటో. ఆయన మరో సంభాషణ ‘ఫీడ్రస్’లో ఆత్మను రథంతో పోల్చినప్పటి సారథి, రెండు గుర్రాలు ఆత్మలోని భాగాలే తప్ప దాని వెలుపలి దేహం కాదు. పొంతన లేని ఈ మూడు ముక్కలను కలిపి, క్రీ.శ. 3వ శతాబ్దం నుంచి ప్లేటోను కొత్తగా వ్యాఖ్యానించిన నవ్యప్లేటోవాదులు కుట్టిన అతుకుల బొంత ఇది.

గ్రంథపాఠకుడు:
జిజ్ఞాసువు గారూ, మీరు రథం ప్రస్తావన ఉన్న చోట్లనే వెదికారు. ‘ఫీడో’లో సోక్రటీస్, దేహసుఖాలకు అలవాటుపడిన ఆత్మ మరణానంతరం కూడా దేహసంబంధమైనదేదో అంటి ఉండటం వల్ల బరువెక్కి, సమాధుల చుట్టూ తిరుగుతుందనీ, అందుకే నీడల వంటి రూపాలతో కంటికి కనబడుతుందనీ అంటాడు. పూర్తిగా నిర్దేహమైన దానికి బరువెక్కడిది, రూపమెక్కడిది? ప్లేటో ‘శాసనాలు’ గ్రంథం పదవ అధ్యాయంలో సూర్యుణ్ణి నడిపే ఆత్మ గురించి మూడు ప్రత్యామ్నాయాలు చెప్పినప్పుడు, అది అగ్నితోనో వాయువుతోనో ఏర్పడిన సొంత దేహాన్ని ధరించి బయటినుంచి నెట్టవచ్చుననేది వాటిలో ఒకటి. కాబట్టి ఈ ఊహ ప్లేటోకు పరాయిది కాదు.

జిజ్ఞాసువు:
ఆ మూడింటిలో ఏది నిజమో ఆయన తేల్చలేదు గదా! ఒక అవకాశాన్ని పేర్కొనడం వేరు, దానిని సిద్ధాంతంగా నిలబెట్టడం వేరు. ‘ఫీడో’లోని నీడలు కూడా అపవిత్రమైన ఆత్మలకు మాత్రమే చెప్పినవి. శుద్ధమైన ఆత్మకు అక్కడ ఏ వాహనమూ లేదు.

గ్రంథపాఠకుడు:
ఆ చివరి మాట బలమైనదే. అయితే ఈ సిద్ధాంతానికి కావలసిన ద్రవ్యం ప్లేటో నుంచి కాక, అరిస్టాటిల్ నుంచి వచ్చిందని గమనించాలి. జంతువుల ఉత్పత్తిని గురించిన గ్రంథంలో ఆయన, బీజంలో ఉండే న్యూమా అనే ఉష్ణవాయువు స్వభావం నక్షత్రాల మూలద్రవ్యంతో పోల్చదగినదని అన్నాడు. ప్లేటో రథమూ ఈ న్యూమా ఎప్పుడు ఏకమయ్యాయో గాని, క్రీ.శ. 2వ శతాబ్దపు వైద్యుడు గాలెన్ నాటికే, ఆత్మ స్వయంగా తేజోమయ దేహమైనా కావాలి, లేదా అటువంటి దేహాన్ని తొలి వాహనంగా కలదైనా కావాలి అనే మాట వినబడుతుంది.

నిజమైన వివాదం ఆ తర్వాతనే మొదలైంది. నిర్దేహమైన ఆత్మ గ్రహమండలాల గుండా ఎలా దిగుతుంది, చనిపోయాక శిక్షను ఎలా అనుభవిస్తుంది, దేహం పోయాక ఊహాశక్తి దేనిని ఆశ్రయిస్తుంది అనే ప్రశ్నలకు వాహనం సమాధానమైంది. మరి ఆ వాహనం చివరికి ఏమవుతుంది? ఆత్మ దిగివస్తూ గ్రహమండలాల నుంచి సేకరించుకున్నది కనుక, తిరిగి ఎక్కేటప్పుడు ఎక్కడి భాగం అక్కడ కరిగిపోతుందని నవ్యప్లేటోవాది పోర్ఫిరీ భావించాడు. అదే సంప్రదాయంలో ఆయన తర్వాతివాడైన ఇయాంబ్లికస్ దీనిని ఒప్పుకోక, అది నిత్యమైనదన్నాడు. దైవకర్మలు, అంటే దేవతలను ఉద్దేశించిన కర్మకాండ, ఆ వాహనాన్ని శుద్ధి చేస్తాయని నమ్మిన ఆయనకు అది నశిస్తుందంటే ఇబ్బందే మరి! 5వ శతాబ్దంలో మరో నవ్యప్లేటోవాది ప్రోక్లస్ ఒకదానికి బదులు రెండు వాహనాలను ఒప్పుకొని ఇద్దరినీ సమాధానపరచాడు: ఒకటి నిత్యమైన తేజోమయ దేహం, మరొకటి కొన్ని జన్మలపాటు నిలిచి చివరికి రాలిపోయే న్యూమా దేహం. ఇది తెలివైన పరిష్కారమే గాని, వాదం ఇరుకున పడినప్పుడు నడుమ కొత్త అంతస్తులు కల్పించే ఆయన అలవాటు కూడా ఇందులో కనిపిస్తుంది.

సాంఖ్యాభిమాని:
ఇదంతా మన సూక్ష్మశరీరమే గదా! కఠోపనిషత్తులో రథం ఉండనే ఉంది. గ్రీకులు ఇక్కడినుంచే గ్రహించారనడానికి అభ్యంతరమేమిటి?

గ్రంథపాఠకుడు:
కఠోపనిషత్తు ‘శరీరం రథమేవ తు’ అన్నది ఈ స్థూలదేహాన్ని గురించి. సాంఖ్యంలో సూక్ష్మశరీరానికే మరో పేరైన లింగశరీరంలో బుద్ధి, అహంకారం, మనస్సు, ఇంద్రియాలు అన్నీ చేరి ఉంటాయి. ప్లేటో అనుయాయులకు మాత్రం బుద్ధి ఆత్మ స్వరూపమే, వాహనానిది కాదు. పైగా కైవల్యంలో లింగశరీరం తొలగిపోతుంది. ఆ అంశంలో పోర్ఫిరీకి అది కొంత దగ్గరే గాని, ఇయాంబ్లికస్‌కు పూర్తిగా విరుద్ధం. మరొక సంగతి, భారతీయుల తత్వం తెలుసుకోవాలన్న ఆశతో రోమన్ చక్రవర్తి గోర్డియన్ సేన వెంట బయలుదేరి, చక్రవర్తి మెసొపొటేమియాలో హతుడు కావడంతో వెనుదిరిగిన ప్లోటినస్, నవ్యప్లేటోవాదానికి ఆద్యుడై ఉండి కూడా, వీరందరిలోనూ ఈ వాహనానికి అతి తక్కువ చోటిచ్చినవాడు.

జిజ్ఞాసువు:
ఆ చివరి సంగతి నా పక్షానికే బలం. ప్లేటోను అంత శ్రద్ధగా చదివిన ప్లోటినస్‌కే ఇది ముఖ్యమైన సిద్ధాంతంగా కనబడలేదంటే, దానిని ప్లేటో బోధగా రాయడం మానాలనే నేను ఇప్పటికీ అంటాను.