దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ల బాధితులు ఇప్పుడు పరిహారం కోరవచ్చా?

మా బాబాయి 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్లలో గాయపడ్డారు. కాలిలో ఇనుప ముక్కలు దిగాయి. వయసు పెరిగేకొద్దీ నడక మరీ కష్టమవుతోంది. అప్పట్లో కొంత సాయం అందింది, ఆ తరువాతి వైద్యమంతా అప్పులతోనే.

ఎన్ఐఏ (జాతీయ దర్యాప్తు సంస్థ) ప్రత్యేక కోర్టు 2016లో ఐదుగురికి మరణశిక్ష విధించింది. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ హైకోర్టు దాన్ని సమర్థించింది. ఆ కబురు కూడా మాకు పత్రికల ద్వారానే తెలిసింది. గాయపడినవారికి ఒక ముక్క చెప్పే బాధ్యత ఎవరికీ లేదా?

బాధితుల పరిహార పథకం (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 357ఎ, దాని స్థానంలో వచ్చిన ఇప్పటి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 396వ సెక్షన్) కింద ఇన్నేళ్ల తరువాత జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు చేయవచ్చా? గడువు దాటిందంటే మినహాయింపు కోరే వీలుందా? ఆసుపత్రి కాగితాలు భద్రంగా ఉన్నాయి. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ కూడా తీసుకోవాలా? ఈ దారిలో వెళ్లినవారు, న్యాయవాదులు దయచేసి చెప్పండి.