మా కుక్క చుక్కికి షుగర్ అన్నారు, ఆరు రోజులుగా ఇన్సులిన్ ఇస్తున్నా తగ్గట్లేదు. డోసు పెంచొచ్చా?

అంబాజీపేట అమ్మాయి:

అందరికీ నమస్కారం అండి. మాది అంబాజీపేట దగ్గర, కొబ్బరితోటలో ఇల్లు. మా చుక్కికి ఎనిమిదేళ్లు, ఆడది, లాబ్రడార్ కలిసిన జాతి. సంక్రాంతికి నేను వెళ్లినప్పుడు ఎదకు వచ్చి ఉంది కానీ ఒంట్లో బాగానే ఉంది. నెలన్నర తర్వాత నాన్నగారు ఫోన్ చేసి "ఇది గిన్నెలకి గిన్నెలు నీళ్లు తాగేస్తోందమ్మా, పెట్టిందంతా తింటోంది, అయినా డొక్కలు లోపలికి పోతున్నాయి" అన్నారు. ఎండలు మొదలయ్యాయి కదా, దాహమేమోలే అనుకున్నాం. తర్వాత రాత్రిళ్లు అరుగు మీదే ఉచ్చ పోసేయడం మొదలుపెట్టింది, ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అలా చేసిన పిల్ల కాదు. తెల్లారేసరికి ఆ తడి మీద చీమలు బారులు కట్టి ఉంటే మా నానమ్మే ముందు పసిగట్టి "దీనికీ నా జబ్బే వచ్చిందే" అంది.

రాజమండ్రి తీసుకెళ్లాం. షుగర్ 487, మూత్రంలో కూడా ఉంది. 22 కేజీలు ఉండేది 18కి వచ్చేసింది. డాక్టరుగారు పొద్దున, సాయంత్రం తిండి తిన్నాక 5 యూనిట్ల చొప్పున ఇన్సులిన్ రాశారు. మనుషులు వాడేదే, మబ్బుగా ఉంటుంది, సీసా మీద మిల్లీలీటరుకి 40 ఐయూ (అంటే 40 యూనిట్లు) అని ఉంది. సిరంజిలు వేరే షాపులో కొన్నాం, నారింజ రంగు మూత ఉన్నవి ఇచ్చారు. ఆరు రోజులుగా ఒక్క పూట కూడా తప్పకుండా వేస్తున్నాను. నిన్న సాయంత్రం సూది వేయబోయే ముందు నానమ్మ మిషన్‌తో చెవి అంచున గుచ్చి చూస్తే 430 చూపించింది. నీళ్లు తాగడం కూడా ఏమీ తగ్గలేదు. చాలా టెన్షన్‌గా ఉంది.

నేనే 8 యూనిట్లకు పెంచొచ్చా? నానమ్మ తన షుగర్ బిళ్ల సగం వేసి చూడమంటోంది, అది పనిచేస్తుందా? ఇంకో సంగతి, నాన్నగారు రాత్రి భోజనంలో ఆఖరి పెరుగన్నం ముద్ద అరటిపండు కలిపి దానికే పెడతారు, చిన్నప్పటి నుంచీ అలవాటు. అది మానిపించాలంటే ఆయనకీ, దానికీ ఇద్దరికీ కష్టమే. నేను పది రోజుల్లో హైదరాబాద్ వెళ్లిపోవాలి, ఆ తర్వాత సూది వేయాల్సింది ఆయనే, ఆయనకేమో సూది చూస్తేనే చెమటలు పడతాయి.

భీమవరం చెరువుగట్టు:

అమ్మా, ముందు ఒక్క పని చెయ్యి. సిరంజి చేతిలోకి తీసుకుని దాని మీద రాసింది చదువు. నారింజ మూత అంటే అది 100 ఐయూ ఇన్సులిన్ కోసం చేసిన సిరంజి. నీ సీసా 40ది, దానికి ఎర్ర మూత సిరంజి కావాలి. 100 సిరంజిలో 5 గీత వరకు లాగితే 0.05 మిల్లీలీటర్లు వస్తుంది, 40 సీసాలో అంత మందులో ఉండేది 2 యూనిట్లే. అంటే నా లెక్క ప్రకారం ఆరు రోజులుగా చుక్కికి వెళ్తున్నది 5 కాదు, 2. షుగర్ తగ్గకపోవడానికి ఇంతకంటే వేరే కారణం వెతకక్కర్లేదేమో.

అందుకే నువ్వు సొంతంగా 8 చెయ్యొద్దు. ఇప్పుడు పెంచేసి, రేపు ఎవరో సరైన సిరంజి తెచ్చిస్తే అదే 8 గీత నిజంగా 8 యూనిట్లు అవుతుంది, 18 కేజీల కుక్కకి అది ప్రమాదం. దీనికి తిరగేసి జరిగితే ఇంకా ఘోరం. పెన్నులో వేసే 100 ఇన్సులిన్‌ని ఎర్ర మూత సిరంజితో 5 గీతకి లాగితే పన్నెండున్నర యూనిట్లు లోపలికి పోతాయి. ఇవాళే డాక్టరుగారికి ఫోన్ చేసి సీసా, సిరంజి రెండింటి ఫొటోలూ పంపు. ఆయన చెప్పే దాకా ఏమీ మార్చకు.

బిళ్లల మాట మర్చిపోండి. మీ నానమ్మగారి ఒంట్లో ఇన్సులిన్ ఇంకా కొంత తయారవుతూ ఉంటుంది, బిళ్ల దాన్ని పనిచేయిస్తుంది. షుగర్ వచ్చిన కుక్కల్లో దాదాపు అన్నిటికీ క్లోమంలో ఆ తయారీయే పోతుంది, సూది తప్ప దారి లేదు. మా కుక్కకీ ఈ జబ్బు వచ్చి మూడేళ్లయింది, మొదట్లో నేనూ అలాగే ఆశపడ్డాను.

తిండి సంగతి. అన్నం మానేయక్కర్లేదు కానీ ఏ పూటైనా ఒకే కొలత ఉండాలి. మేం ఒక గ్లాసు అన్నం, ఎముకలు తీసిన ఉడికించిన చేప, దాంట్లో ఉడికించిన సొరకాయో బీన్సో కలిపి పెడతాం, ఉల్లిపాయ అసలు వేయం. పొద్దున ఆరున్నర, సాయంత్రం ఆరున్నర, మధ్యలో ఏమీ లేదు. అరటిపండు, కొబ్బరినీళ్లు, ప్రసాదం, చుట్టాలు చేతిలో పెట్టే కాజా ముక్క అన్నీ బంద్. షుగర్ లేని చూయింగ్ గమ్‌లు, మిఠాయిలు కూడా దగ్గరికి రానివ్వకండి, కొన్నిట్లో పంచదారకి బదులు వేసే జైలిటాల్ ఉంటుంది, అది కుక్కలకి విషం. నాన్నగారి ముద్ద మాత్రం మానిపించవద్దు. దాని గిన్నెలో కొలిచిన అన్నంలోంచే ఒక ముద్ద పక్కన తీసిపెట్టి, సాయంత్రం సూది పూటకే ఆయన చేత్తో తినిపించమనండి, పండు లేకుండా. దానికి కావాల్సింది ఆయన చెయ్యే కదా.

సూదికి ముందు సీసాని రెండు అరచేతుల మధ్య మెల్లగా దొర్లించాలి, ఊపకూడదు. డొక్క పక్కన చర్మం గుడారంలా పైకెత్తి గుచ్చాలి, ఈ పూట కుడి పక్క అయితే వచ్చే పూట ఎడమ. సూది సన్నం, అది తిండి మీద ధ్యాసలో ఉంటే తెలియదు కూడా. నాన్నగారి చేత ముందు ఉప్పునీళ్లతో నారింజ పండుకి నాలుగైదు సార్లు వేయించు.

అసలు భయపడాల్సింది షుగర్ పడిపోవడానికి. తూలడం, వణకడం, పిలిస్తే పలక్కపోవడం, ఫిట్స్. తేనె గానీ చిక్కటి పంచదార నీళ్లు గానీ వేలితో చిగుళ్లకి రాసి వెంటనే డాక్టరుకి ఫోన్ చేయాలి. ఫిట్స్‌లో ఉంటే నోట్లో ఏమీ పోయకూడదు, వేలు కూడా పళ్ల మధ్య పెట్టకూడదు. తిండి తినకపోతే మామూలు డోసు వేసేయొద్దు, అడిగి వేయాలి. వేశామో లేదో అనుమానం వస్తే రెండోసారి అసలు వేయొద్దు, ఒక పూట తప్పితే కొంప మునగదు. మేం గోడకి కేలండర్ పెట్టి వేసిన వెంటనే టిక్కు పెడతాం.

కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్ తలుపు ఊరికే తీయకండి. గంటల తరబడి రాకపోతే మేం రొయ్యలకి వాడే థర్మాకోల్ పెట్టెలో పెడతాం, కానీ ఐసుకి సీసా తగలకుండా మధ్యలో మందపాటి తువ్వాలు ఉండాలి. గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్లీ కరిగినా పనికిరాదు. తడి కుండలో పెట్టమని కొందరు చెప్తారు, మన కోస్తా ఉక్కపోతలో కుండ పెద్దగా చల్లబడదు.

రేవు అవతల:

సిరంజి సంగతి పైన వారు చెప్పేశారు, చాలా మంచి మాట. నేను వేరే విషయం చెప్తాను. సంక్రాంతికి ఎదకు వచ్చింది అన్నారు, తర్వాత నెలన్నరకి దాహం మొదలైంది అన్నారు. ఆ రెండూ ఒకదానితో ఒకటి కలిసినవేనండి. ఆపరేషన్ చేయించని ఆడకుక్కలకి ఎద తర్వాత రెండు నెలలదాకా ప్రొజెస్టిరాన్ అనే హార్మోను ఎక్కువగా ఉంటుంది, అది ఇన్సులిన్‌ని పనిచేయనివ్వదు. డోసు ఎంత పెంచినా షుగర్ దిగకపోవడానికి ఇదీ ఒక కారణం. మాది నరసాపురం, మా పిల్లకి అచ్చం ఇలాగే అయింది. గర్భసంచి, అండాశయాలు తీయించాక ఇన్సులిన్ అవసరం బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు. కొన్నిటికి తొందరగా చేయిస్తే ఇన్సులినే అక్కర్లేకుండా పోవచ్చని మా డాక్టరుగారు చెప్పారు. మేం నాలుగు నెలలు ఆలస్యం చేశాం, అది నాకు ఇప్పటికీ బాధే.

ఆపరేషన్ అయిన వారంలో మాత్రం జాగ్రత్త. పాత డోసే వేస్తూ ఉంటే మా దానికి షుగర్ 52కి పడిపోయింది. గోదావరి దాటించే పంటి మీద సఖినేటిపల్లి నుంచి తిరిగొస్తున్నాం, అది కాళ్లు నిలబెట్టలేక నా ఒళ్లో కూలబడింది, పక్కన ఎవరిదో పిల్లాడి గ్లూకోజు పొడి దొరికింది కాబట్టి బతికింది. ఇప్పుడు బ్యాగులో గ్లూకోజు పొట్లం లేకుండా గడప దాటను.

ఇంకొకటి, దురదకని ఈ మధ్య సూదులేమైనా వేయించారా? వాటిలో స్టెరాయిడ్ ఉంటే షుగర్ పెరుగుతుంది. డాక్టరుగారికి తప్పకుండా చెప్పండి. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమో కూడా చూపించండి.

అంబాజీపేట అమ్మాయి:

మీ ఇద్దరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియట్లేదండి. చదవగానే సిరంజి చూశాను, దాని మీద 100 అనే ఉంది. ఆరు రోజులు ఇంత శ్రద్ధగా చేస్తూ ఇంత చిన్న అంకె చూడలేదు, ఏడుపొచ్చింది. డాక్టరుగారికి ఫొటోలు పంపాను. ఎర్ర మూత సిరంజి తెచ్చుకోండి, 5 యూనిట్లతోనే మొదలుపెట్టండి, వారం తర్వాత ఒక రోజంతా రెండేసి గంటలకి షుగర్ చూసి అప్పుడు నిర్ణయిద్దాం అన్నారు. షుగర్ కాస్త అదుపులోకి రాగానే ఆపరేషన్‌ అన్నారు, ఆలస్యం వద్దని ఆయనే అన్నారు. దురద సూది గత నెలలో ఒకటి వేయించారట, నాన్నగారికి ఇప్పుడు గుర్తొచ్చింది. అమలాపురంలో సిరంజిలు దొరికాయి, ఈ సాయంత్రం నుంచి మొదలు. కళ్లు పోతాయని ఎవరో భయపెట్టారు, నిజమేనా?

భీమవరం చెరువుగట్టు:

నిజమే, దాచి లాభం లేదు. చాలా కుక్కలకి మొదటి ఏడాదిలోనే కళ్లలో శుక్లాలు వస్తాయి, షుగర్ అదుపులో ఉన్నా రావచ్చు. మా వాడికి ఏడో నెలలో వచ్చాయి. నల్లగుడ్డు మీద నీలంగా, తెల్లగా పొర కనిపిస్తే, కన్ను ఎర్రబడితే వెంటనే చూపించు. మా వాడు ఇప్పుడు చూపు లేకుండానే గట్టు మీద రోజూ నాతో తిరుగుతాడు. ఇంట్లో మంచాలు, బల్లలు మాత్రం కదపం, నీళ్ల గిన్నె చోటు మార్చం.

ఈ రాత్రికి ఒక్కటి. సరైన సిరంజితో మొదటిసారి నిజంగా 5 యూనిట్లు వెళ్తున్నాయి కదా, సూది వేసిన నాలుగు గంటల నుంచి ఎనిమిది గంటల దాకా ఒకసారి లేచి చూసుకోండి, పదిన్నరకి, ఒంటిగంటకి అలా. లేచి తోక ఊపితే చాలు. తిండి మానేసి వాంతులు చేసుకుంటే, నోరు పండిన పండులా వాసన వస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లిపోవాలి. నారింజ మూత సిరంజిలు ఇంట్లో ఒక్కటి కూడా ఉంచకు, నువ్వు హైదరాబాద్ వెళ్లాక నాన్నగారి చేతికి అవే దొరికితే కష్టం. రేపు పొద్దున సూదికి ముందు ఎంత ఉందో ఇక్కడ రాయి తల్లీ.