డియోడాటో పాప్‌లోకి వెళ్లి తన స్థాయి తగ్గించుకున్నారా?

ప్రశ్న:
బ్రెజిల్ పియానిస్టు, అరేంజర్ (పాటలో ఏ వాద్యం ఎక్కడ, ఎలా మోగాలో నిర్ణయించే వ్యక్తి) యూమిర్ డియోడాటో గురించి. 1970లో బ్రెజిల్ స్వరకర్త జోబిమ్ ఆల్బమ్ ‘స్టోన్ ఫ్లవర్’కు అంత సున్నితమైన అరేంజ్‌మెంట్లు చేసిన మనిషి, 1979కల్లా అమెరికన్ బ్యాండ్ కూల్ అండ్ ద గ్యాంగ్‌కు డిస్కో పాటలు ప్రొడ్యూస్ చేశారు. ఇది దిగజారడమే అని నా అభిప్రాయం. మీరేమంటారు?

జవాబు:
నేను ఒప్పుకోనండీ. ఏ గొంతు వెనకాల ఏ వాద్యం ఎంతసేపు ఉండాలో తేల్చడమే మొదటి నుంచీ ఆయన పని. 1967లో రియో పాటల పోటీలో రెండో స్థానం తెచ్చుకున్న బ్రెజిల్ గాయకుడు మిల్టన్ నాసిమెంటో పాట ‘ట్రవెసియా’కు అరేంజ్‌మెంట్ ఆయనదే. తర్వాత న్యూయార్క్ వెళ్లి, సీటీఐ అనే జాజ్ రికార్డుల సంస్థకు ‘ప్రెల్యూడ్’ ఆల్బమ్ చేశారు. జర్మన్ స్వరకర్త రిచర్డ్ స్ట్రౌస్ 1896లో పెద్ద ఆర్కెస్ట్రాకు రాసిన ‘జరతుష్ట్ర’ ప్రారంభాన్ని అందులో ఎలక్ట్రిక్ పియానో, బేస్, డ్రమ్స్ మీదికి తెచ్చారు. డ్రమ్స్ బిల్లీ కోబమ్, పర్కషన్ ఐర్తో మొరైరా. 1973లో ఆ ‘జరతుష్ట్ర’ అమెరికా పాటల ర్యాంకుల పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100లో 2వ స్థానం దాకా వెళ్లింది, గ్రామీ కూడా వచ్చింది. అంటే జనంలోకి వెళ్లడం ఆయనకు 1979లో పట్టుకున్న కొత్త అలవాటేమీ కాదు.

ఇక గ్యాంగ్ సంగతి. డిస్కో గాలిలో వెనకబడిపోయిన ఫంక్ బ్యాండ్ అది. డియోడాటో వచ్చాక గాయకుడు జె.టి. టేలర్ గొంతు ముందుకొచ్చింది, బ్రాస్ (ట్రంపెట్ లాంటి ఊదే వాద్యాలు) వెనక్కి జరిగి ఆ గొంతుకు జవాబు చెప్పడం మొదలుపెట్టింది. వాళ్ల ‘లేడీస్ నైట్’ పాట హెడ్‌ఫోన్లలో వినండి, ఎన్ని చోట్ల ఖాళీ వదిలారో తెలుస్తుంది. వాళ్లదే ‘సెలబ్రేషన్’ పాట 1981లో హాట్ 100లో నంబర్ 1 అయింది. పెళ్లిళ్లలో మోగినంత మాత్రాన అది తేలిక పని అయిపోతుందా?

ప్రశ్న అడిగినవారు:
సరే, మరి సొంత ఆల్బమ్‌లు? ‘డియోడాటో 2’లో అమెరికన్ స్వరకర్త గెర్ష్విన్ ‘రాప్సొడీ ఇన్ బ్లూ’ను మళ్లీ అదే పద్ధతిలో ఎలక్ట్రిక్ పియానో గ్రూవ్‌గా మార్చారు. హిట్ సూత్రాన్ని తిరగేసినట్టే కదా?

జవాబు:
అక్కడ మీతో ఏకీభవిస్తాను. ‘జరతుష్ట్ర’లో ఉన్న సాహసం అందులో లేదు. కానీ ఆ లోపం సొంత రికార్డులది, గ్యాంగ్‌ది కాదు. ఎదుట ఒక గొంతు ఉన్నప్పుడే ఆయన బాగా ఆలోచిస్తారని నాకనిపిస్తుంది. 1997లో ఐస్‌లాండ్ గాయని బ్యోర్క్ ఆల్బమ్ ‘హోమోజెనిక్’కు చేసిన స్ట్రింగ్స్ అరేంజ్‌మెంట్లు వినండి. ‘యోగా’ పాటలో కరకు ఎలక్ట్రానిక్ బీట్ల మధ్య ఆ తీగ వాద్యాలు ఆమె గొంతును ఎలా మోస్తున్నాయో చూశాక కూడా దిగజారారంటే, దేన్ని బట్టి అంటున్నారో చెప్పండి.